పాపం అన్నవాళ్ళు మోసిన ఇటుకలు

మా తాత జ్ఞాపకార్థ కూడిక కోసం మా చిన్నాయన ఒక ఫ్లెక్సీ కొట్టించాడు. అందులో తాత వెనకాల రెండు యుద్ధ విమానాలు ఎగురుతున్నాయి, పక్కన ట్యాంకు ఉంది, మంచుకొండ మీద జెండా ఉంది. తాత తలకు ఎక్కడిదో ఒక టోపీ అతికించారు. అది మిలిటరీ టోపీ కూడా కాదు, పెళ్ళిళ్ళలో బ్యాండు వాయించేవాళ్ళది. కింద పెద్ద అక్షరాలతో 'దేశం కోసం ప్రాణాలర్పించిన వీరుడు, ప్రేమమూర్తి అయిన తాత' అని రాయించాడు. ఆయన ప్రాణం పోయింది మా ఇంట్లో నవారు మంచం మీద, జావ తాగి పడుకున్నాక. వయసైపోయింది, పోయాడు. అందులో దేశానికి పనేమీ లేదు.

"కొట్టించే ముందు ఒక్కసారి చదువుకుంటే ఏం పోయె చిన్నాయనా?" అని అడిగాను.

"అందరు గట్లనే రాపిస్తరు బిడ్డా. మంచిగుంటది" అన్నాడు.

మా చిన్నాయనకు మంచిగా ఉండడమంటే రోడ్డు మీంచి చూసినప్పుడు మంచిగా ఉండడం. నారాయణఖేడ్‌లో ఆయన ఇళ్ళు కట్టించే కాంట్రాక్టరు. ఆయన కట్టించిన ఇళ్ళకు ముందు టైల్సు మెరుస్తుంటాయి, వెనక గోడ పగుళ్ళలో బల్లులు సంసారం చేస్తుంటాయి. తాత ఆ ఇళ్ళ ముందు నుంచి పోయేటప్పుడు ముఖం అటు తిప్పుకునేవాడు, కొడుకు తాగి రోడ్డు మీద పడిపోతే తండ్రి తిప్పుకున్నట్టు.

ఆ రోజు కూడిక ప్రార్థన కోసం పెట్టిందే కానీ, అసలు సంగతి భోజనాల తర్వాత ఉంది. మా ఇల్లు రోడ్డు మీద ఉంది. ముందుభాగం, దాంతోపాటు వాకిట్లో ఉన్న గోడా పడగొట్టి మల్గీలు, అదే దుకాణం గదులు, కట్టి షట్టర్లు పెట్టాలని చిన్నాయన ఎప్పట్నుంచో ఎదురుచూస్తున్నాడు. తాత బతికుండగా ఆ మాట నోట్లోంచి రాలేదు. ఇప్పుడు వచ్చింది. నన్ను బీదర్‌లో మా నాన్న దగ్గరికి పంపించేస్తాడట. మా అమ్మ పోయాక మా నాన్న అక్కడ ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. నేను ఆ ఇంటి గడప తొక్కలేదు. ఫోన్ చేస్తే "మీ చిన్నాయన ఎట్లంటె గట్ల" అన్నాడు. ఆ మనిషి జీవితమంతా ఎవరో ఒకరు ఎట్లంటె అట్లే.

నేనుండాలనుకున్నది ఈ ఇంట్లోనే. ముప్పై దాటినదాన్ని, ముందుగదిలో మోటారు మిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టుకుంటున్నాను, ఎవరి ఇంటికీ భారం కాను. కానీ మా వైపు ఇలాంటివి పదిమంది ముందు మాట అనుకుంటే అయిపోయినట్టే. ఆ పదిమంది కోసమే చిన్నాయన బిర్యానీ వండించాడు. తినడానికి ముందే ఇల్లిల్లూ తిరిగి ఒక మాట పంచిపెట్టి వచ్చాడు: "పాపం, కాలు లేని పిల్ల, ఒక్కతే ఎట్లుంటది?"

కాలు లేకపోవడమేమిటి? ఉంది. చిన్నప్పుడు జ్వరం వస్తే ఒక ఆరెంపీ డాక్టరు వేసిన సూది నరానికి తగిలి కుడికాలు సన్నబడిపోయింది, అంతే. ఒక చెయ్యి ఆనించడానికి ఏదైనా ఉంటే నడుస్తాను. కానీ ఈ ఊరివాళ్ళకు ఉన్న కాలు కనబడదు. లేనిదే కనబడుతుంది. నన్ను చూడగానే నాలుక చివర తయారుగా ఉండేది ఆ మాట. అయ్యో పాపం! కూరగాయల గంప దించుకుంటూ ఒకామె, బండి ఆపి ఒకాయన, మంచినీళ్ళు తాగడానికి వచ్చి ఇంకొకామె. అనేసి వెళ్ళిపోయేవాళ్ళు. వాళ్ళకేం, అన్నందుకు పుణ్యం వచ్చేసినట్టు వాళ్ళ మొహాలు తేటగా అయిపోయేవి. ఇంట్లో కూర్చుని నేను ఏడ్చేదాన్ని.

అప్పటికి తాత మిలిటరీ నుంచి వచ్చి చాలా ఏళ్ళయింది. ఊళ్ళో సుతారి పని చేసేవాడు, అంటే ఇటుక గోడలు కట్టడం, గచ్చు చెయ్యడం. మిలిటరీలోనూ ఆయన చేసింది అదే. తుపాకీ ఇచ్చారు గానీ రోజంతా చేతిలో ఉన్నది తాపీయే. పిల్లలు వచ్చి "తాతా, ఎంతమందిని చంపినవ్?" అని అడిగితే "పాయిఖానాలు కట్టిన" అనేవాడు. పిల్లలు నమ్మేవాళ్ళు కాదు. పెద్దవాళ్ళు ఇంకా నమ్మేవాళ్ళు కాదు, వాళ్ళకు ట్యాంకులే కావాలి. "సిపాయి ఆకలన్న ఆపుకుంటడు, గది ఆపుకోలేడు. నేను లేకుంటే గా పల్టన్ ఆడ్నే కూసునేది" అని తాత గట్టిగా అనేవాడు. ఇది ఫ్లెక్సీ మీద రాయిస్తే నేను కూడా ఒప్పుకునేదాన్ని.

ప్రేమమూర్తట! నన్ను ఒక్కసారి ఒళ్ళో కూర్చోబెట్టుకున్న పాపాన పోలేదు. నేను ఏడుస్తుంటే వచ్చి నా ముందు నిలబడి, చేతులకు అంటిన సిమెంటు దులుపుకుంటూ, "అయ్యిందా?" అని అడిగేవాడు. అవలేదంటే వెళ్ళిపోయేవాడు. అయిందంటే "లే. తేజ్ చల్!" అని మిలిటరీ కవాతు కేక వేసేవాడు. నేను పడేదాన్ని. "థమ్!" అనేవాడు, పడ్డదాన్ని ఇంకేం ఆగుతాను. పక్కింటి అవ్వ తన ప్రహరీ మీంచి చూసి గుండెలు బాదుకునేది.

ఆ అవ్వ సంగతి చెప్పాలి. అంత ఏడుపుగొట్టు మనిషిని నేను చూడలేదు. ఎవరింట్లో గేదె ఈనినా ఏడుస్తుంది, ఈనకపోయినా ఏడుస్తుంది. బోరంచ నల్లపోచమ్మకు నా కాలు కోసం మొక్కుకుని, తన మోకాళ్ళ నొప్పికి కూడా అందులోనే కలిపి మొక్కుకుంది. ఒకరోజు తాత నన్ను నడిపిస్తుంటే ఆమె మా గేటు తీసుకుని లోపలికే వచ్చింది.

"అయ్యో పాపం, పసిపోరి! నీకు మనసు లేదా మిలిటరాయనా?"

తాత ఆమె వైపు చూశాడు. వాకిట్లో గేటు పక్కన ఎక్కడో పనిలో మిగిలిన ఇటుకల కుప్ప ఉండేది.

"పాపమా? ఎవల పాపం? నాదా, పిల్లదా, సూదేసినోనిదా?"

అవ్వకు అర్థం కాలేదు. "ఉట్టిగనే అన్న" అంది.

"ఉట్టిగ అంటె ఎట్ల? మాట జారినవ్ గద, ఇగ మొయ్యి. గా ఇటుక ఎత్తి, గీ స్నానాలగది కాడ పెట్టు. నా ఇంట్ల పాపం అన్నోళ్ళు ఇటుక మొయ్యాలె. మిలిటరీల తప్పు జేస్తె గిదే."

ఆమె నవ్విందనుకుంటా మొదట. తాత నవ్వలేదు. ఆయన నవ్వకపోతే ఎదుటివాళ్ళు కూడా ఎక్కువసేపు నవ్వలేరు. అవ్వ ఇటుక ఎత్తి, వాకిలి దాటి, పెట్టి, తిట్టుకుంటూ వెళ్ళిపోయింది. నేను కింద కూర్చుని అంతా చూశాను. నన్ను చూసి ఏడ్చే మనిషి చేత నా కళ్ళముందే పని చేయించినందుకు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ దాచుకోలేను. చాలా బాగుండింది.

ఆ రోజు నుంచి అదే చట్టం. పాలవాడు మోశాడు. కల్హేర్ నుంచి వచ్చిన మా చుట్టాలు ఆటో దిగీ దిగగానే తలా ఒకటి మోశారు, మోసి మూతులు ముడుచుకుని కూర్చున్నారు. కంగ్టి నుంచి పనికి వచ్చే కూలీ ఒకతను రోజంతా మాకే ఇటుకలు మోసి, సాయంత్రం పోతూ నా కాలు చూసి పాపం అని మరొకటి మోశాడు. దానికి అతను కూలీ అడగలేదు, తాత ఇవ్వలేదు. పాస్టరయ్యగారు ప్రార్థనకు వచ్చి, నా నెత్తి మీద చెయ్యి పెట్టి "పాపం" అనేశారు.

"అయ్యగారూ, మీరు ఆదివారం అనుకోండ్రి, నేను ఇంట. ఇది చర్చి గాదు" అని తాత కుప్ప చూపించాడు.

తెల్ల బట్టలు వేసుకున్న ఆయన ఇటుకను ఒంటికి తగలకుండా దూరంగా పట్టుకుని మోస్తుంటే, పిల్లి తోక పట్టుకుని నడుస్తున్నట్టుంది. ఆ నెల ప్రసంగంలో అహంకారం గురించి చెప్పారు. తాత ముందు వరసలో కూర్చుని నిద్రపోయాడు.

ఊరివాళ్ళు ఇంకో పని చేసి ఉండొచ్చు. ఆ మాట మానేసి ఉండొచ్చు. అదే మానలేకపోయారు! నోటికి అలవాటైన జాలి అంత గట్టిది. గేటు దగ్గర నోరు మూసుకుని లోపలికి వచ్చి, టీ తాగి, లేచి చెప్పులు వేసుకుంటూ అనేవాళ్ళు. అని నాలుక కరుచుకునేవాళ్ళు. మిలిటరీ పిచ్చోడని బయట తాతను తిట్టేవాళ్ళు, తిట్టి లోపలికి వచ్చి మోసేవాళ్ళు. ఎందుకు మోసేవాళ్ళో నాకు తెలియదు. భయమని అనుకునేదాన్ని.

చేరిన ఇటుకలతో తాత గోడ మొదలుపెట్టాడు. ఇంటి తలుపు నుంచి స్నానాలగది దాకా, అక్కడి నుంచి తిరిగి గేటు దాకా, నా నడుమంత ఎత్తు. ఒక్కో ఇటుకను బకెట్లో నానబెట్టి తీసేవాడు. "పొడి ఇటుక సిమెంట్‌లున్న నీళ్ళంత తాగేస్తది, ఇగ గోడకేం మిగులుతది?" అనేవాడు. పైన అంచు పదునుగా లేకుండా గుండ్రంగా గచ్చు చేసి, అరచేతితో పదేపదే రాసి చూసుకున్నాడు. తన అరచెయ్యి మొద్దు కాబట్టి దానిమీద నమ్మకం లేక, నా చెయ్యి పట్టుకుని రాయించాడు. ఎక్కడ గీసుకుంటే అక్కడ మళ్ళీ చేశాడు. ఆయన నా చెయ్యి పట్టుకున్నది ఆ పని కోసమే. నేను పెరిగేకొద్దీ గోడ మీద ఒక్కో వరస పెరిగింది. పెరగడానికి ఇటుకల కొరత ఏ రోజూ రాలేదు.

ఆ గోడ పట్టుకునే నేను నడక నేర్చుకున్నాను. ఈ ఊళ్ళో నన్ను చూసి పాపమన్న ప్రతివాడి మీదా చెయ్యి ఆనించి నడిచాను.

ఒకసారి గోడ కడుతూ, నేను అడగకుండానే చెప్పాడు. "మా పల్టన్ల ఒకడుండె. మైన్ మీద కాలేసిండు. కాలు పోయింది, మనిషి మంచిగనే ఉండె. దవాఖానల మమ్మల్నే నవ్విస్తుండె. ఇంటికి పోయినంక ఊరంత వచ్చి పాపం పాపమన్నరు. ఇగ మంచం మీదికెంచి లేవలె. నేను చూడనీకి పోయిన. నన్ను చూసి వాడే అన్నడు, పాపం నేను, అని." అంతే చెప్పి, తాపీతో సిమెంటు గీకేశాడు. ఆ స్నేహితుడి ఊరేదో, ఏమయ్యాడో చెప్పలేదు. నేనూ అడగలేదు.

రానురాను గేటు దగ్గర గోడ చివర ఒక్క ఇటుక ఖాళీ మిగిలిపోయింది. అప్పటికి ఊరికి బుద్ధి వచ్చిందో, భయమేసిందో, మా వాకిట్లో ఆ మాట వినబడడం మానేసింది. కుప్పలో కూడా ఒక్క ఇటుకే మిగిలింది. "పెట్టెయ్ తాతా, పనైపోతది" అంటే ఒప్పుకోలేదు. "పాపమన్నోడు మోసినంకనే. ఇంకొకడు రాకుంట పోతడా?" అన్నాడు. నేను గేటుకు పోయినప్పుడల్లా నా చెయ్యి ఆ ఖాళీలో పడేది. ఏళ్ళ తరబడి పడింది.

ఆ ఇంకొకడు ఎవరో తెలిసింది ఆయన మంచాన పడ్డాక. గోడ కట్టే చేతులు గ్లాసు కూడా ఎత్తలేకపోయాయి. ఒక మధ్యాహ్నం జావ తాగిస్తుంటే, నా ముఖంలోకి చూసి, చాలా మామూలుగా, "నేను పోతే నువ్వొక్కదానివైతవ్, పాపం" అన్నాడు.

నా ఒళ్ళు మండింది. ఊరంతా అన్నప్పుడు కూడా అంత మండలేదు. జావ గ్లాసు కింద పెట్టి, గోడ పట్టుకుని వాకిట్లోకి వెళ్ళి, మిగిలిన ఆ ఒక్క ఇటుక చంకలో పెట్టుకుని వచ్చి, ఆయన పక్కలో పడేశాను.

"నీ చట్టం నీకు లేదా? మొయ్యి."

తాత ఇటుక వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఆయన నవ్వడం నేను చూసిన సందర్భాలు తక్కువ, అందులో అదొకటి. పళ్ళు లేని నోటితో, దగ్గు వచ్చేదాకా నవ్వాడు. ఇటుక మీద చెయ్యి వేసి ఎత్తబోయాడు, అది కదల్లేదు.

"గేటుకాడ తక్కువున్నది గిదే. లేచినంక మోస్త" అన్నాడు.

లేవలేదు. ఆయనను తీసుకుపోయాక ఇటుక మంచం కిందికి తోసేశాను. దాన్ని చూస్తే ఏడుపు వస్తుంది, నాకు ఏడవడం ఇష్టం లేదు.

ఇక కూడిక రోజుకు వస్తాను. ప్రసంగాలు అయ్యాయి. తాత పేరు చెప్పి మాట్లాడినవాళ్ళలో ఒక్కడు కూడా ఆయన కట్టిన ఒక్క గోడ పేరెత్తలేదు. శత్రువుల గుండెల్లో నిద్రపోయాడన్నారు. మనవరాలిని అరచేతిలో పెట్టుకుని పెంచాడన్నారు. బిర్యానీ అయింది. చెయ్యి కడుక్కుని వచ్చి చిన్నాయన వాకిట్లో కుర్చీ వేసుకున్నాడు, పదిమంది చుట్టూ కూర్చున్నారు. నేను గోడ పట్టుకుని నిలబడ్డాను. ముఖం తాత ముఖంలాగే పెట్టాను.

"జేసీబీకి చెప్పిన. సోమవారం వస్తది" అన్నాడు చిన్నాయన. "గీ ముందుదంత తీసేద్దాం. బిడ్డ బీదర్ పోతది. నాకైతే మనసొప్పుతలేదు గని ఏం జేస్త, ఒక్కతే గద, పాపం."

పదిమందీ పళ్ళు కుట్టుకుంటూ కూర్చున్నారు. తిన్న బిర్యానీ పనిచేస్తోందనుకున్నాను. ఈ ఊరి సంగతి నాకు తెలియదా? జాలి పడమంటే ముందుంటారు, మాట సాయం చేయమంటే చెప్పులు వెతుక్కుంటారు.

అప్పుడు పక్కింటి అవ్వ లేచింది. ఏడుపు మొదలుపెడుతుందనుకున్నాను. ఆమె కళ్ళు తుడుచుకోలేదు. మోకాళ్ళు పట్టుకుని నడిచి, లోపలికి వెళ్ళి, వాకిట్లో కుప్ప లేదు కాబట్టి ఎక్కడ దొరుకుతుందో వెతికినట్టుంది, తాత మంచం కింద నుంచి ఆ ఇటుక తెచ్చి చిన్నాయన కుర్చీ ముందు పెట్టింది.

"మొయ్యి" అంది.

"ఏందవ్వా?"

"పాపమన్నవ్ గద. గీ ఇంట్ల అంటె మొయ్యాలె. నేను మోసిన. పాస్టరయ్య మోసిండు. నువ్వేమన్న పెద్ద తుర్రంఖానువా?"

చిన్నాయన నవ్వాడు. ఎవరూ నవ్వలేదు. పాలవాడు గోడలో ఒకచోట చెయ్యి పెట్టి, "గిది నాది. గీడ ఉంటది" అన్నాడు. కంగ్టి కూలీ కూడా వచ్చాడు కూడికకు, అతను లేచి రెండు చోట్ల చూపించాడు. పాస్టరయ్యగారు దగ్గి, స్నానాలగది వైపు వేలు చూపించి, "నాది అడుగు వరసల ఉన్నది" అన్నారు, ఎంత గర్వంగా అన్నారో! వాళ్ళు తమ తమ ఇటుకలను ఇన్నేళ్ళూ గుర్తుపెట్టుకున్నారని నాకు తెలియదు. అందరూ లేచి గోడ పక్కన నిలబడ్డారు.

"జేసీబీ వస్తే మా ఇటుకలు మాకియ్యాలె" అంది అవ్వ. "ఎవలయి వాళ్ళకు. ఏరి ఇస్తవా?"

చిన్నాయన అటూ ఇటూ చూశాడు. మా నాన్న ఏమంటాడోనని ఫోన్ తీశాడు, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. వంగి ఇటుక ఎత్తాడు. కాంట్రాక్టరు అయ్యాక ఆయన ఇటుక ఎత్తడం అదే మొదటిసారి అయివుంటుంది, ఎట్లా పట్టుకోవాలో తెలియక చొక్కాకంతా ఎర్రమట్టి పూసుకున్నాడు. అది వాళ్ళ నాయన మొయ్యాల్సిన ఇటుక అని ఆయనకు తెలియదు. నేను చెప్పలేదు.

"ఏడ పెట్టాలె?" అన్నాడు.

"గేటుకాడ. ఒక్కటి తక్కువుంది" అన్నాను.

సోమవారం జేసీబీ రాలేదు. ఆ రోజు నేను ఇటుకను బకెట్లో నానబెట్టి, ఒక తట్టలో సిమెంటు కలుపుకుని, కింద కూర్చుని ఆ ఖాళీలో పెట్టాను. అవ్వ తన ప్రహరీ మీంచి చూస్తూ ఏడుస్తోంది. నేనూ ఏడుస్తున్నాను, సంతోషంతో కాదు, ఆయన లేడు కాబట్టి. పెట్టి, లేచి చూశాను. వంకరగా కూర్చుంది. తాత చూసి ఉంటే కాలితో ఒక్క తన్ను తన్ని, మళ్ళీ పెట్టమనేవాడు.

నా కుడికాలితో తన్నాను. పడింది. మళ్ళీ పెట్టాను.